అలుగు కట్టని చెరువు: ల్హోనాక్ సరస్సు గురించి ఓ తల్లికి సమాధానం

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ బాబుకి సిక్కింలో ఒక జలవిద్యుత్ ప్రాజెక్టులో సైట్ ఇంజినీరుగా ఉద్యోగం వచ్చింది. సైటు మంగన్ దగ్గర, క్యాంపు నది పక్కనే అని చెప్పాడు. ఈలోగా 2023లో అక్కడ కొండల మీది సరస్సు తెగి ఏకంగా డ్యామే కొట్టుకుపోయిన వీడియో ఎవరో బంధువులు మీకు పంపారు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదన్నారు. అరవై కిలోమీటర్ల పైనున్న సరస్సు అంత పెద్ద డ్యామును ఎలా తీసుకుపోయింది, ముందే తెలిసినప్పుడు ఆ నీళ్లు ఎందుకు తోడేయలేదు, ఇంతకీ వాడిని పంపాలా వద్దా, ఇవీ మీరు అడిగినవి. కాస్త పెద్ద సమాధానమే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను నీటిపారుదల శాఖలో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా చేరి ఏడేళ్లు వరంగల్ వైపు చెరువు కట్టల మీద తిరిగాను. తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి ప్రైవేటు జలవిద్యుత్ పనుల్లోకి వెళ్లి, హిమాచల్‌లో, సిక్కింలో కలిపి పద్దెనిమిదేళ్లు చేశాను. తెగిన ఆ సరస్సు పేరు సౌత్ ల్హోనాక్. దాన్ని నేను కంటితో చూడలేదు. చైనా సరిహద్దుకు దగ్గర, 5,200 మీటర్ల ఎత్తు, పర్మిట్ లేకుండా ఎవరినీ పోనివ్వరు. కానీ దాని కింది లోయలో మూడు వర్షాకాలాలు గడిపాను. ఆ నది రాత్రిపూట బండరాళ్లను దొర్లిస్తుంటే వచ్చే చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మన ఊరి చెరువు కట్ట మీరు చూసే ఉంటారు. మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, తొక్కించి గట్టిపరుస్తారు. లోపలివైపు అలల దెబ్బకు కోసుకుపోకుండా రాళ్లు పరుస్తారు. పొలాలకు నీళ్లు వదలడానికి తూము ఉంటుంది. నిండాక ఎక్కువైన నీళ్లు పోవడానికి అలుగు ఉంటుంది, మా వైపు మత్తడి అంటాం. అలుగును గట్టి నేల చూసి, రాతితో కడతారు. ఎందుకంటే నీళ్లు పొర్లే చోట మట్టి ఉంటే అది నిలవదు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా పెద్ద వాన కొట్టిన ఏడాది ఎక్కడో ఒక చెరువు తెగుతూనే ఉంటుంది. కట్ట మీదుగా నీళ్లు పొర్లైనా తెగుతుంది, కట్టలో బుంగ పడైనా తెగుతుంది.

ల్హోనాక్ కూడా ఒక చెరువే అనుకోండి. కాకపోతే దాని కట్టను మనుషులు కట్టలేదు. హిమానీనదం, అంటే కొండ వాలులో నెమ్మదిగా కిందికి జారే మంచు, తన దారిలోని రాళ్లనూ మట్టినీ గీరుకుంటూ వచ్చి మూతి దగ్గరా రెండు పక్కలా పోగేస్తుంది. బుల్డోజరు ముందు మట్టి పోగైనట్టే. ఆ పోగును మొరైన్ అంటారు. వేడి పెరిగి మంచు వెనక్కి తగ్గినప్పుడు ఆ పోగుకూ మంచుకూ మధ్య గుంట మిగులుతుంది. కరిగిన నీళ్లు అందులో చేరతాయి. నీళ్లు తగిలిన మంచు ఇంకా త్వరగా కరుగుతుంది, గుంట ఇంకా పెరుగుతుంది. 1970ల మధ్యలో ఇరవై హెక్టార్లు ఉందో లేదో అన్నంత చిన్నగా ఉన్న ల్హోనాక్, 2023 సెప్టెంబరు 28 నాటికి 167.4 హెక్టార్లు అయింది. మన లెక్కలో 413 ఎకరాలు. మా జిల్లాలో అంత చెరువుంటే దానికి ఒక ఏఈ, ఒక లస్కరు, ఓ రిజిస్టరు, ఏటా కట్ట మీద పిచ్చి చెట్లు కొట్టించడానికి కాస్త బడ్జెట్టు ఉంటాయి. అక్కడ ఏమీ లేవు. నీళ్లు బయటికి పోవడానికి ఒక దారి తనంతట తానే ఏర్పడింది కానీ, అది పోయేదీ ఆ వదులు రాళ్ల మీదుగానే. అంటే అలుగు కట్టని చెరువన్నమాట.

పైగా ఆ కట్టలో సగం బలం మంచుది. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేలలో రాయికీ రాయికీ మధ్య మంచు సిమెంటులా పట్టి ఉంచుతుంది. అది కరిగితే మిగిలేది కంకర కుప్ప. చూసేవాళ్లకు బయటినుంచి తేడా కనపడదు. చెరువు కట్టలో బుంగ పడితే అవతలివైపు తడి కనిపిస్తుంది, అనుభవం ఉన్న నీరటికాడు వాసన పట్టినట్టు పట్టేస్తాడు. లోపల కరుగుతున్న మంచును ఏ నీరటికాడు పట్టగలడు?

ఇక ఆ రాత్రి సంగతి. 2023 అక్టోబరు 3, రాత్రి పది దాటింది. సరస్సుకు పక్కనున్న మొరైన్ వాలు ఒక్కసారిగా విరిగి నీళ్లలో పడింది. తర్వాత శాస్త్రవేత్తలు లెక్క కడితే పడిన మట్టీ రాళ్లూ దాదాపు 1.47 కోట్ల ఘనపు మీటర్లు. ఒక టిప్పరుకు పదిహేను ఘనపు మీటర్లు వేసుకున్నా పది లక్షల టిప్పర్ల లోడు, అదీ ఒకే దెబ్బకు. బకెట్టులో ఇటుక పడేస్తే నీళ్లు అంచు దాటి చిమ్ముతాయి కదా, అలాగే సరస్సులో ఇరవై మీటర్ల అల లేచి ముందున్న కట్టను కొట్టింది. ఆరేడు అంతస్తుల ఎత్తు అల. కట్ట కోసుకుపోయింది. అక్టోబరు 4న ఉపగ్రహం చూసేసరికి సరస్సు 60.3 హెక్టార్లకు దిగిపోయి ఉంది.

మొదటి రెండు రోజులూ అందరూ కుంభవృష్టి అన్నారు. అదే రోజు పశ్చిమ నేపాల్‌లో భూకంపం వచ్చింది, దాన్నీ అనుమానించారు. తర్వాత పాత ఉపగ్రహ చిత్రాలు తీసి చూస్తే ఆ పక్క వాలు కొన్నేళ్లుగా కిందికి జారుతూనే ఉందని తేలింది. దీనివల్ల నాకు అర్థమైనది ఒకటే. ఇలాంటి చోట సరస్సులో ఎన్ని నీళ్లున్నాయన్నది రెండో లెక్క. నీళ్లను ఏం ఆపుతోంది, నీళ్ల మీద ఏం వేలాడుతోంది అన్నది మొదటి లెక్క.

నీళ్ల లెక్క చెబితే మీరు నమ్మరు. ఆ రాత్రి బయటికి వచ్చినవి సుమారు 5 కోట్ల ఘనపు మీటర్లు. టీఎంసీల్లో ఒకటీ ముప్పావు. నిండు గండిపేట 3.9 టీఎంసీలు, అంటే గండిపేటలో సగం కూడా లేదు. మన శ్రీశైలం, సాగర్ లెక్కల ముందు అది ఓ చుక్క. అంత కొంచెం నీళ్లు అంత పని ఎలా చేశాయన్నదే మీ మొదటి ప్రశ్న.

వాలు వల్ల. సరస్సు నుంచి చుంగ్‌థాంగ్ అనే ఊరికి అరవై కిలోమీటర్లకు పైగా దూరం. ఆ దూరంలో నది మూడు వేల మీటర్లకు పైగా దిగుతుంది. మన గోదావరి నాసిక్ దగ్గర పుట్టి అంతర్వేది దాకా వచ్చినా అందులో సగం కూడా దిగదు. అంత వాలులో పరిగెత్తే నీళ్లు ఒడ్డునూ అడుగునూ గీరుకుంటూ పోతాయి. ఆ వరద దారి పొడవునా కోసుకుపోయిన మట్టీ రాళ్లూ 27 కోట్ల ఘనపు మీటర్లని అంచనా. అంటే సరస్సులోంచి వచ్చిన నీళ్లకు ఐదు రెట్లకు పైగా! పైన బయల్దేరినవి నీళ్లు, కింద ఊళ్లకు చేరింది మాత్రం బండరాళ్లు కలిసిన బురద. నీళ్లను తట్టుకునే గోడ వేరు, దొర్లే బండరాళ్లను తట్టుకునే గోడ వేరు.

లాచెన్ వైపు నుంచి వచ్చే నదీ లాచుంగ్ వైపు నుంచి వచ్చే నదీ చుంగ్‌థాంగ్ దగ్గర కలుస్తాయి. అక్కడినుంచే తీస్తా అనే పేరు. ఆ సంగమం దగ్గరే 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు డ్యామ్ ఉండేది. ఎత్తు 60 మీటర్లు, కరెంటు తీయడం మొదలై ఆరేళ్లే అయింది. అది మీరనుకునే కాంక్రీటు డ్యామ్ కాదు. రాళ్లు పేర్చి దట్టించి, నీళ్లవైపు మాత్రం కాంక్రీటు పలక వేసిన రకం. భూకంపాలొచ్చే కొండల్లో ఆ రకం మంచిదే, నేను దాన్ని తప్పు పట్టను. కానీ దానికి ఒక బలహీనత ఉంది. నీళ్లు దాని నెత్తి మీదుగా పొర్లకూడదు. పొర్లితే వెనకవైపు రాళ్లు ఒక్కొక్కటే లేచిపోతాయి. కథ మళ్లీ మన చెరువు కట్ట దగ్గరికే వచ్చింది చూశారా. వరద అర్ధరాత్రి దాటాక చుంగ్‌థాంగ్ చేరింది. సరస్సు తెగిన దగ్గర్నుంచి లెక్కేస్తే సుమారు రెండు గంటలు. ఊళ్లో స్కూటరు మీద పోయే వేగం. గేట్లన్నీ ఎత్తే వ్యవధి చిక్కలేదు. డ్యామ్ వెనక నిల్వ ఉన్న నీళ్లు కూడా వరదలో కలిశాయి, ఆ తర్వాత డిక్చు, సింగ్‌తామ్, రంగ్‌పో, అలా కిందికి కిందికి. ఆ పోగైన వరద బంగ్లాదేశ్ దాకా వెళ్లింది. యాభై మందికి పైగా చనిపోయారు, డెబ్బై మందికి పైగా గల్లంతయ్యారు. సైన్యం శిబిరం ఒకటి బురదలో కూరుకుపోయింది.

ఇక రెండో ప్రశ్న, తెలిసి కూడా ఎందుకు తోడేయలేదని. మీలో కోపం కనిపిస్తోంది, నాకూ ఉంది. కానీ ఎవరూ ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. ల్హోనాక్ ప్రమాదకరమని చాలా ఏళ్లుగా తెలుసు. 2016లో లదాఖ్‌కు చెందిన సోనమ్ వాంగ్‌చుక్ బృందమూ సిక్కిం ప్రభుత్వ శాఖలూ కలిసి అక్కడికి ఎక్కి, ఎనిమిది అంగుళాల పైపులు మూడు వేసి సైఫన్ పద్ధతిలో నీళ్లు లాగారు. మోటారు అక్కర్లేదు, డీజిలు అక్కర్లేదు. నోటితో పీల్చి క్యానులోంచి కిరోసిన్ తీస్తాం చూడండి, అదే సూత్రం. ఆ ఎత్తుకు ఆ పైపులు మోసుకెళ్లినవాళ్లకు నేను దండం పెడతాను. అవి సెకనుకు 150 లీటర్లు లాగేవి.

ఇప్పుడు లెక్క చూడండి. సెకనుకు 150 లీటర్లంటే రోజుకు దాదాపు 13 వేల ఘనపు మీటర్లు. సరస్సు చివరి విస్తీర్ణాన్ని బట్టి ఒక్క మీటరు మట్టం తగ్గించాలంటే తీయాల్సినవి 16.7 లక్షల ఘనపు మీటర్లు. సుమారు 129 రోజులు పడుతుంది, అదీ పైనుంచి కొత్త నీళ్లు చుక్క కూడా రాకపోతే. వేసవిలో మంచు కరిగి వస్తూనే ఉంటుంది, చలికాలంలో అంతా గడ్డకడుతుంది. మరి పెద్ద పైపులు, ఎక్కువ పైపులు వేయొచ్చు కదా అంటారు. వేయొచ్చు, కానీ ఇంకో చిక్కుంది. మన బావిలో నీళ్లు లోతుకు పోతే పైన పెట్టిన మోటారు లాగలేదు కదా, గాలి ఒత్తిడి నీళ్లను ఎత్తగలిగేది పది మీటర్ల దాకానే. 5,200 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సగమే. అక్కడ సైఫన్ లెక్క ప్రకారం ఐదు మీటర్ల పైచిలుకు ఎత్తగలగాలి, ఆచరణలో నాలుగు కూడా గగనమే. మంచు నీళ్లు, పైపులో గాలి బుడగలు, గడ్డకట్టే జాయింట్లు, ఇవన్నీ అనుభవించినవాడికే తెలుస్తాయి.

కట్టకు గండి కొట్టి, కాలువ తవ్వి మట్టం తగ్గించడం ఇంకో దారి. నేపాల్‌లో 2016లో ఎవరెస్టు దగ్గరి ఇమ్జా సరస్సును సైన్యంతో అలాగే 3.4 మీటర్లు దించారు. యాక్‌ల మీదా హెలికాప్టర్ల మీదా సామాను చేరవేశారు. అంతకు ముందు 2000లో అక్కడే త్సో రోల్పా అనే ఇంకో సరస్సును 3 మీటర్లు దించారు. పెరూ దేశంలో 1941 డిసెంబరు 13న పాల్కకోచా అనే సరస్సు తెగి వారాస్ పట్టణాన్ని ఊడ్చేశాక, వాళ్లు దశాబ్దాల పాటు ఇదే పని పెట్టుకుని ముప్పైకి పైగా సరస్సులకు సొరంగాలూ కాలువలూ కట్టారు. కాబట్టి చేతకాని పనేమీ కాదు. కానీ లోపల మంచు ఉన్న కట్టను తవ్వడమంటే నిద్రపోతున్న పామును కర్రతో కదపడమే. తవ్విన చోట ఎండ తగిలి మంచు కరిగితే మనం తవ్విన కాలువే గండి అవుతుంది. పైగా ల్హోనాక్‌లో మూడు నాలుగు మీటర్లు దించి ఉన్నా, పక్కనుంచి పది లక్షల టిప్పర్ల మట్టి పడితే ఏమయ్యేదో నేను చెప్పలేను. అల కాస్త చిన్నదయ్యేదేమో.

నా మనసులో అసలు బాధ హెచ్చరికల గురించి. 2023 సెప్టెంబరులోనే అక్కడ వాతావరణ పరికరాలూ కెమెరా పెట్టారు. కొద్ది రోజులకే అవి సమాచారం పంపడం మానేశాయి. త్సో రోల్పా కింద 1990ల చివర్లో సైరన్లు పెడితే అవీ కొన్నేళ్లకే మూలపడ్డాయి. సరస్సు దగ్గర పరికరం పెట్టడం ఫొటో దిగే పని. దాన్ని పదేళ్లు బతికించడం ఎవరికీ పేరు రాని పని. అనవసరంగా అంటున్నానేమో కానీ, నేను చూసిన ఒక ప్రాజెక్టులో, పేరు చెప్పను, నది పక్కన కొత్త సైరను ఉండేది. ఒక ఆగస్టు రాత్రి కరెంటు పోయింది, పైన వాన. ఎందుకో అనుమానమొచ్చి సైరను మోగించి చూద్దామంటే జనరేటరు గది తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది. ఆ వాచ్‌మన్ పెళ్లికని సెలవు పెట్టి సిలిగుడి పోయాడు. ఆ రాత్రి ఏమీ కాలేదు కాబట్టి మర్నాడు అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఈ పనిలో మన హైదరాబాదుకు ఒక పెద్ద పాత్ర ఉంది, అది మీకు తెలియాలి. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, ఇస్రోది, హిమాలయాల్లోని ఈ సరస్సులను ఉపగ్రహాలతో చూస్తూ ఉంటుంది. పైన నేను చెప్పిన 167.4, 60.3 హెక్టార్ల లెక్కలు వాళ్లవే. 2024లో ఇస్రో చెప్పిన ప్రకారం హిమాలయ నదుల పరీవాహకంలో పది హెక్టార్ల కంటే పెద్ద సరస్సులు 2,431. వాటిలో 676 సరస్సులు 1984 నుంచి బాగా పెరిగాయి. ఆ 676లో మన దేశంలో ఉన్నవి 130. మనాలి దాటి అటల్ టన్నెల్‌లోంచి బయటికి రాగానే సిస్సు అనే ఊరొస్తుంది, మనవాళ్లు బోలెడుమంది అక్కడ మంచులో ఫొటోలు దిగుతారు. ఆ ఊరి నెత్తిన ఘేపన్ ఘాట్ అనే సరస్సుంది. 1989లో 36 హెక్టార్లు, 2022లో 101 హెక్టార్లు. నేను అక్కడికి పోవద్దనడం లేదు. నేనూ మా ఆవిడా పోయొచ్చాం. కాకపోతే నదీ తీరంలో గుడారాల్లో కాకుండా పైన ఊళ్లో గది తీసుకున్నాం.

ఉపగ్రహంతో ఒక చిక్కు. అది సరస్సు పెరిగిందని చెబుతుంది, ఈ రాత్రి తెగుతుందని చెప్పలేదు. వర్షాకాలంలో మబ్బులు అడ్డొస్తే మామూలు కెమెరాకు అసలేమీ కనపడదు, రాడారు ఉపగ్రహాల మీద ఆధారపడాలి.

ఇంకో మాట. కొండల్లో వచ్చే ప్రతి వరదకూ సరస్సే కారణం అనుకోకండి, వాట్సాప్‌లో అన్నిటికీ అదే పేరు పెట్టేస్తున్నారు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ పైన చోరాబారీ సరస్సు తెగిన మాట నిజం. కానీ 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో జరిగింది అది కాదు. అక్కడ సరస్సే లేదు. రోంతీ శిఖరం నుంచి రాయీ మంచూ కలిసి విరిగిపడి, ఆ రాపిడికి మంచు కరిగి బురద వరద అయింది. తపోవన్ దగ్గర సొరంగంలో పనిచేస్తున్నవాళ్లు అందులోనే చిక్కుకుపోయారు. మీ బాబుది సొరంగం పని అయితే ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. పైకి ఎక్కే దారి అందరికీ ఉంటుంది, సొరంగంలో ఉన్నవాడికి ఉండదు.

ఇప్పుడు మూడో ప్రశ్న. పంపొచ్చా? నా సొంత కొడుకైతే పంపుతాను. పంపే ముందు కొన్ని అడుగుతాను.

అన్నిటికంటే ముందు అడగాల్సింది వాడు పడుకునే గది నది మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందని. సరస్సు ఎంత దూరమని కాదు. ఆ లోయలో పాత ఊళ్లన్నీ వాలుల మీద, నదికి చాలా పైన ఉంటాయి. రోడ్డొచ్చాక బజార్లు నది పక్కకు దిగాయి, ప్రాజెక్టు క్యాంపులూ అలాగే. చదునైన నేల అక్కడే దొరుకుతుంది కాబట్టి. కానీ కొండల్లో నది పక్కన చదునుగా ఉందంటే ఎప్పుడో ఒక వరద తెచ్చి పోసిన నేలే అయ్యుంటుంది. మా డ్రైవరు, అందరం దాజూ అని పిలిచేవాళ్లం, నేపాలీలో అన్నయ్య అని, ఎంత వానలోనైనా జీపు నది పక్కన ఆపేవాడు కాదు. వాళ్ల తాత కాలం నుంచీ ఇంట్లో అదే అలవాటట. గాంగ్‌టాక్ అయితే మీకు ఈ బెంగ అక్కర్లేదు. అది కొండ శిఖరం వెంబడి ఉన్న ఊరు, తీస్తా ఎక్కడో కింద పారుతుంది.

2023 తర్వాత తీస్తా అడుగున బోలెడంత మేట వేసింది. నది మట్టం పైకి వచ్చింది కాబట్టి ఇదివరకు రోడ్డును తాకని మామూలు వానాకాలం వరద ఇప్పుడు తాకుతుంది. కాబట్టి ‘పాత వరదకే ఇక్కడికి రాలేదు’ అని ఎవరైనా చెబితే, ఏ సంవత్సరం సంగతి అని అడగమనండి. ల్హోనాక్ ఖాళీ అయిపోయింది కదా అని కూడా నిశ్చింతగా ఉండకూడదు. సరస్సు చిన్నదైంది కానీ పోలేదు, పక్క వాలులు ఇంకా వదులుగానే ఉన్నాయి. ఆ పైన షాకో చో లాంటి వేరే సరస్సులూ ఉన్నాయి.

మరో సంగతి, ఇది మీరు ఊహించి ఉండరు. ఉత్తర సిక్కింలో రోజువారీ ప్రమాదం సరస్సు కాదు, రోడ్డు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండచరియలు విరిగిపడుతూనే ఉంటాయి. 2024 జూన్‌లో మంగన్ జిల్లాలో రోడ్లు తెగి వెయ్యిమందికి పైగా పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. నా పద్దెనిమిదేళ్లలో సరస్సు వల్ల ఒక్కరినీ పోగొట్టుకోలేదు, రోడ్డు మీద ఇద్దరు స్నేహితులను పోగొట్టుకున్నాను. వానలో రాత్రి ప్రయాణం వద్దని ఒట్టు వేయించుకోండి. మీటింగు పోతే పోయింది.

ఇక హెచ్చరిక సంగతి. సైరను ఉందా అని అడిగితే ఉందనే చెబుతారు. చివరిసారి ఎప్పుడు మోగించారు, రాత్రి రెండు గంటలకు ఎవరు మోగిస్తారు, పైన లాచెన్ వైపు నుంచి ఫోన్ వస్తే ఎవరు ఎత్తుతారు, సిగ్నల్ పోతే వైర్‌లెస్ ఉందా, ఇవి అడగమనండి. కొత్త కుర్రాడు ఇన్ని అడిగితే సీనియర్లు ఏమనుకుంటారో అని మొహమాటపడతాడు. పడనివ్వకండి. డ్యామ్ భద్రత గురించి అడిగిన కుర్రాడిని నేనెప్పుడూ తక్కువ చూడలేదు. అడగనివాళ్లను చూసే భయపడ్డాను.

జీతం, పీఎఫ్ లాంటివి మీరే చూసుకుంటారు. ఆరోగ్యం గురించి ఒక్క మాటే. మంగన్ అంత ఎత్తు కాదు, ఊపిరికి ఇబ్బంది ఉండదు. పై సరస్సుల వైపు సరదాగా వెళ్తానంటే మాత్రం ఒక రోజులో ఎక్కేయొద్దని చెప్పండి. లాచెన్‌లో ఒక రాత్రి ఆగి, తలనొప్పి లేకపోతేనే ముందుకు పోవాలి.

చివరగా, వాడు చేరిన మొదటి వారంలో ఒక పని చేయమనండి. రాత్రి పదకొండు గంటలకు, టార్చిలైటు పట్టుకుని, చెప్పులతో కాకుండా బూట్లు వేసుకుని, తన గది తలుపు దగ్గర్నుంచి నదికి యాభై అరవై మీటర్ల ఎత్తున్న చోటికి నడిచి చూడమనండి. పగలు కాదు, రాత్రే. దారిలో తాళం వేసిన గేటు ఎక్కడుందో, మెట్లు ఎక్కడ విరిగాయో, కుక్కలు ఎక్కడున్నాయో అప్పుడే తెలుస్తుంది. ఎన్ని నిమిషాలు పట్టిందో మీకు ఫోన్ చేసి చెప్పమనండి. పదిహేను దాటితే గది మార్పించుకోమనండి.